కొత్తగా రిజిస్ట్రేషన్ పొందిన నర్సులకు: మొదటి ఉద్యోగాన్ని ఎలా ఎంచుకోవాలి

తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జిగా పనిచేస్తున్నందువల్ల, ప్రతి ఏడాదీ చదువు ముగించుకుని వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న నాకు కంఠతా వచ్చేసింది. "మేడం, జీతం ఎక్కడ బాగా ఇస్తారు?" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. నాలుగేళ్ళ ఫీజుల కోసం ఇంట్లో ఏమేమి తాకట్టు పెట్టారో వాళ్ళకు తెలుసు. అయితే మన ఊళ్ళో కొత్తవారికి ఇచ్చే జీతాల మధ్య తేడా ఎంతో ఉండదు, ఉన్న తేడా కాస్తా హాస్టలు అద్దెకూ బస్సు ఛార్జీలకూ సరిపోతుంది. దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ ఉద్యోగంలో నేను గడిపే రోజులు రేపు ఏ లెక్కలోకి వస్తాయి? రాష్ట్ర ప్రభుత్వ నియామకాలకు ఒక లెక్క, ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థలకు మరొక లెక్క, విదేశాలకు ఇంకొక లెక్క ఉంటుంది. ఒకచోట రెండేళ్ళు రాత్రింబవళ్ళు కష్టపడి కూడా, ఆ రెండేళ్ళూ ఏ లెక్కలోనూ చేరక మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడినవారిని నేను చాలామందిని చూశాను.

ముందు కాగితాలు

విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ నర్సులు, మిడ్‌వైఫ్‌ల కౌన్సిల్‌లో నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ నమోదు కానిదే ఎక్కడా రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయడానికి వీలులేదు కాబట్టి, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి రాగానే చేయవలసిన మొదటి పని అదే. దానితోపాటు భారత నర్సింగ్ కౌన్సిల్ జాతీయ రిజిస్టరులో కూడా నమోదై, జీవితాంతం మారని ఆ ఒక్క నంబరును తీసుకోవాలి. చిత్తూరు వాళ్ళకు వేలూరు గంట ప్రయాణం, మదనపల్లె వాళ్ళకు బెంగళూరు దగ్గర. కానీ ఆసుపత్రి ఎంత దగ్గరలో ఉన్నా అది వేరే రాష్ట్రమే. అక్కడ పనిచేయాలంటే ఆ రాష్ట్ర కౌన్సిల్‌లో కూడా నమోదు కావాలి. ఇక్కడి కౌన్సిల్ నుంచి రావలసిన ధ్రువీకరణకు సమయం పడుతుంది కనుక, ఇంటర్వ్యూకు పిలుపు వచ్చేదాకా ఆగకుండా దరఖాస్తు పెట్టుకోవడం మేలు.

ఇక పేరు. మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాం, చాలాసార్లు ఒక్క అక్షరంతో సరిపెడతాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటుంది, కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివరికి వెళ్ళిపోతుంది. ‘ప్రసన్న’ అనే పేరును ఇంగ్లీషులో ఒకచోట ఒక ‘ఎస్’తో, మరొకచోట రెండు ‘ఎస్’లతో రాసి ఉంటారు. ఇక్కడి ఆసుపత్రిలో చేరేటప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రభుత్వ సర్టిఫికెట్ల పరిశీలనలోనూ, గల్ఫ్ దేశాలు చేయించే ధ్రువీకరణలోనూ మాత్రం ఒక్క అక్షరం తేడాకు కూడా వివరణ అడుగుతారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే ఆధారంగా పెట్టుకుని, మిగిలినవన్నీ దానికి అనుగుణంగా ఇప్పుడే సరిచేయించుకోండి. పాస్‌పోర్టు చివరగా తీసుకుంటే అందులో తప్పు దొర్లే అవకాశం తగ్గుతుంది.

మన విశ్వవిద్యాలయం పేరు విషయంలోనూ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరును 2022లో వైఎస్సార్ పేరుగా మార్చి, 2024లో మళ్ళీ పాత పేరుకే తెచ్చారు. అందువల్ల ఒకే విద్యార్థి మార్కుల జాబితాల్లో రెండు పేర్లూ కనిపించవచ్చు. విదేశీ దరఖాస్తుల్లో విశ్వవిద్యాలయం పేరు అడిగినచోట సర్టిఫికెట్‌పై ఏది ముద్రించి ఉంటే అదే రాసి, పేరు మారిన ఉత్తర్వు ప్రతిని జతచేయడం మంచిది.

ప్రభుత్వ ఉద్యోగం ఆశించేవారు నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివిన బడుల నుంచి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి, ఎందుకంటే స్థానికత తేలేది వాటితోనే. నగరి, సత్యవేడు, గుడిపాల వైపు పిల్లలు కొందరు మధ్యలో ఒకటి రెండేళ్ళు తమిళనాడు బడుల్లో చదివి ఉంటారు, కొందరు చదివిన చిన్న ప్రైవేటు బడి ఈపాటికి మూతపడి ఉంటుంది. అలాంటప్పుడు మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. ప్రకటన వెలువడ్డాక చేతిలో ఉండేది కొద్ది రోజులే, ఆ పరుగు అప్పుడు పెట్టుకోకండి. బి.సి. వర్గాలవారు ఇంకో సంగతి గమనించాలి. రాష్ట్ర నియామకాలకు చెల్లే కుల ధ్రువపత్రం కేంద్ర నియామకాలకు సరిపోదు. దానికి క్రీమీలేయరు కాదని తెలిపే ఓ.బి.సి. పత్రాన్ని కేంద్ర నమూనాలో తహశీల్దారు నుంచి విడిగా తీసుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగానికి మార్కుల లెక్క

మన రాయలసీమ జిల్లాల స్టాఫ్ నర్సు పోస్టుల ప్రకటనలు కడపలోని ప్రాంతీయ వైద్య ఆరోగ్య సంచాలకుల కార్యాలయం నుంచీ, కాంట్రాక్టు పోస్టుల ప్రకటనలు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి కార్యాలయం నుంచీ వెలువడుతూ వస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి విడి జిల్లా అయిన తరువాత చిత్తూరు, తిరుపతి జిల్లాల వెబ్‌సైట్లు రెండింటినీ చూసుకోవలసి వస్తోంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రకటనలను ఆ వెబ్‌సైట్‌లో సరిచూసుకోనిదే నమ్మకండి.

ఈ నియామకాలకు సాధారణంగా రాతపరీక్ష ఉండదు, వందకు లెక్కగట్టే మెరిట్ ఉంటుంది. ఇటీవలి ప్రకటనల ప్రకారం అర్హత పరీక్షలో వచ్చిన మార్కులకు 75, చదువు పూర్తయి గడిచిన ప్రతి ఏడాదికి ఒకటి చొప్పున గరిష్ఠంగా 10, ప్రభుత్వ కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు గరిష్ఠంగా 15 కేటాయిస్తున్నారు. ఈ చివరి 15 మార్కులను ఆరు నెలల సేవకు పట్టణంలో 1, గ్రామీణ ప్రాంతంలో 2, గిరిజన ప్రాంతంలో 2.5 చొప్పున ఇస్తారు.

ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూడండి. 78 శాతంతో పాసై, రెండేళ్ళు ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసిన అమ్మాయికి మార్కుల కింద 58.5, గడిచిన ఏళ్ళకు 2 కలిపి 60.5 వస్తాయి. ఆమె బ్యాచ్‌లోనే 72 శాతం తెచ్చుకుని, పల్లెలోని ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో రెండేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేసిన అమ్మాయికి 54, 2, ఆపైన నాలుగు ఆరునెలలకు 8 కలిపి 64 వస్తాయి. చదువులో వెనకబడిన అమ్మాయి జాబితాలో ముందుకు వెళ్ళింది. ప్రైవేటు అనుభవానికి ఈ లెక్కలో విడిగా ఒక్క మార్కు కూడా లేదు. అందుచేత ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైనవారు, జీతం ఆలస్యంగా పడుతుందనో ఊరు మారుమూలన ఉందనో కాంట్రాక్టు పోస్టును తోసిపుచ్చకూడదని నా అభిప్రాయం. అయితే ఆ సేవకు జిల్లా అధికారి నుంచి సక్రమమైన ధ్రువపత్రం వస్తేనే మార్కులు పడతాయి. నియామక ఉత్తర్వు, చేరిన తేదీ, ప్రతి ఏటి పొడిగింపు ఉత్తర్వు భద్రపరచుకోవాలి.

గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే ఎం.ఎల్.హెచ్.పి. (మధ్యస్థాయి ఆరోగ్య సేవకుల) పోస్టుల విషయంలో మాత్రం కొంచెం ఆలోచించి అడుగు వేయాలి. ఆ పనికి గౌరవం ఉంది, ఊరివాళ్ళు మీ మీద ఆధారపడతారు. కానీ అక్కడ మంచం పక్కన నిలబడి చేసే పని తక్కువ. రెండేళ్ళ తరువాత విదేశీ ఆసుపత్రికి దరఖాస్తు చేసేటప్పుడు, మీరు చివరిసారి వెంటిలేటరును ఎప్పుడు చూశారని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఎయిమ్స్, ఇతర కేంద్ర సంస్థలు

ఢిల్లీ ఎయిమ్స్ 2020 నుంచి నిర్వహిస్తున్న నార్‌సెట్ పరీక్ష ద్వారా మంగళగిరితో సహా దేశంలోని ఎయిమ్స్ సంస్థలకు నర్సింగ్ ఆఫీసర్లను తీసుకుంటున్నారు. మూలవేతనం నెలకు 44,900 రూపాయలు. సాధారణ వర్గానికి వయసు 30 దాటకూడదు, ఎయిమ్స్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు ఉంటాయి. తప్పు జవాబుకు మూడోవంతు మార్కు కోత పడుతుంది.

బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవారు రిజిస్ట్రేషన్ రాగానే ఈ పరీక్ష రాయవచ్చు. జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) చదివినవారు మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో, చదువు పూర్తయ్యాక, రెండేళ్ళ అనుభవం చూపాలి. మొదట్లో నేను చెప్పిన లెక్క ఇదే. ఇంటికి దగ్గర అని పుత్తూరులోనో పీలేరులోనో ఇరవై పడకల నర్సింగ్ హోములో చేరి మూడేళ్ళు చేసిన జి.ఎన్.ఎం. అమ్మాయికి ఈ పరీక్ష రాసే అర్హతే రాదు. అదే తిరుపతిలో కాస్త పెద్ద ఆసుపత్రిలో వెయ్యి తక్కువకు చేరి ఉంటే వచ్చేది. చేరేముందే పడకల సంఖ్య అడగండి, బయటికి వచ్చేటప్పుడు అనుభవ పత్రంలో ఆ సంఖ్య రాయించుకోండి.

పరీక్ష కోసం ఉద్యోగం మానేసి ఏడాది పాటు కోచింగ్‌లో కూర్చోవడం అందరికీ అవసరం లేదు. నైట్ డ్యూటీలు చేస్తూ చదవడం కష్టమే, అది ఒప్పుకోవాలి. అయినా వార్డులో రోజూ చేతిలో పట్టుకునే మందు గురించి వచ్చిన ప్రశ్నను మరిచిపోవడం అరుదు.

ప్రైవేటు ఆసుపత్రిని ఎలా చూడాలి

మన ప్రాంతానికి ఉన్న అదృష్టం ఏమిటంటే, చిన్న వైశాల్యంలోనే చాలా రకాల ఆసుపత్రులు ఉన్నాయి. రుయాలో లేని రోగం లేదు. స్విమ్స్‌లో సూపర్ స్పెషాలిటీ విభాగాలు, బర్డ్‌లో ఎముకల శస్త్రచికిత్సలు, 2021లో మొదలైన పద్మావతి హృదయాలయంలో చిన్నపిల్లల గుండె చికిత్స, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సహకారంతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు వైపు అరగొండ అపోలో, కుప్పం పి.ఇ.ఎస్., సరిహద్దు దాటితే వేలూరు సి.ఎం.సి. ఉన్నాయి. వీటిలో ప్రతి సంస్థకూ తన నియామక పద్ధతి ఉంటుంది. టి.టి.డి. నేరుగా చేసే నియామకాలకు హిందువులై ఉండాలన్న నిబంధన కూడా ఉన్నందున, ఏ ప్రకటననైనా అర్హతల భాగం పూర్తిగా చదివాకే డబ్బు కట్టాలి.

ఏదైనా ప్రైవేటు ఆసుపత్రిలో చేరేముందు, రాత్రి షిఫ్టు మారే వేళకు ఒకసారి వెళ్ళి లిఫ్టు పక్కన కుర్చీలో అరగంట కూర్చోండి. పగటి డ్యూటీ సిస్టర్లు ఎన్నింటికి బయటికి వస్తున్నారో, వచ్చేవాళ్ళ ముఖాలు ఎలా ఉన్నాయో చూడండి. ఎనిమిదికి అయిపోవలసిన డ్యూటీ తొమ్మిదింపావు దాకా సాగుతుంటే అక్కడ మనుషులు తక్కువని అర్థం. కేస్ షీట్ పట్టుకుని మంచం మంచం దగ్గరా నిలబడి హ్యాండోవర్ ఇస్తున్నారా, స్టేషన్‌లో నిలబడి "అన్నీ మామూలే అక్కా" అని చెప్పి వెళ్ళిపోతున్నారా అన్నది కూడా వీలైతే గమనించండి. కొత్తగా చేరినవారికి పని నేర్పే ఆసుపత్రి ఏదో ఆ అరగంటలోనే చాలావరకు తెలిసిపోతుంది. తరువాత ఇంటర్వ్యూలో, రాత్రిపూట ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులు ఉంటారని మర్యాదగానే అడగండి. ఆ ప్రశ్నకు నొచ్చుకునే చోట మీరు చేరకపోయినా నష్టం లేదు.

జీతం సంగతికి వస్తే, 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన నిపుణుల సంఘం ప్రైవేటు నర్సులకు 50 పడకలలోపు ఆసుపత్రిలోనైనా నెలకు 20,000కు తగ్గకూడదనీ, 200 పడకలు దాటినచోట రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసుగానే మిగిలిపోయిన ఆసుపత్రులు ఎన్నో ఉన్నాయని వేరే చెప్పనక్కరలేదు. అయినా బేరమాడేటప్పుడు ఆ అంకె తెలిసి ఉండటం మంచిది. అంతకన్నా ముఖ్యం, జీతం బ్యాంకు ఖాతాలో పడాలి, పి.ఎఫ్. కోత ఉండాలి, నెల జీతం 21,000 దాటకపోతే ఇ.ఎస్.ఐ. కూడా ఉండాలి. ఇ.ఎస్.ఐ. కింద మీ వాటా నూటికి ముప్పావు రూపాయే. చేతికి నగదు ఇచ్చే చోట వెయ్యి ఎక్కువ వచ్చినట్టు కనిపించినా, రేపు అనుభవాన్ని రుజువు చేయమన్నప్పుడు చూపడానికి జీతం చీటీ ఉండదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. నా మొదటి ఉద్యోగంలో, పేరు చెప్పను గానీ, చేరిన రోజే ఒరిజినల్స్ అన్నీ తీసుకుని యజమాని గదిలోని ఇనుప బీరువాలో పెట్టారు. ఏడాదిన్నర తరువాత కడపలో సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చింది, మర్నాడే వెళ్ళాలి. మూడు నెలల జీతం కడితేనే బీరువా తెరుస్తామన్నారు. మా నాన్న అప్పు తెచ్చేసరికి రెండు రోజులు గడిచాయి. ఆ పోస్టు నాకు రాలేదు, తరువాతి ప్రకటన కోసం చాలాకాలం ఎదురుచూశాను. కాబట్టి ఒరిజినల్స్ చూపించండి, మీ సంతకంతో జిరాక్సులు ఇవ్వండి. బాండు తప్పదంటే, ఎంత కాలానికి, ఎంత మొత్తం, మధ్యలో వెళ్తే పనిచేసిన నెలలకు తగ్గట్టు ఆ మొత్తం తగ్గుతుందా అన్నవి రాసి ఉంటేనే సంతకం చేయండి. ఖాళీ చెక్కు గానీ ఏమీ రాయని స్టాంపు కాగితం గానీ అడిగితే, లేచి వచ్చేయండి.

ఇంటర్వ్యూలో మేము చూసేది

పాఠ్యపుస్తకంలోని నిర్వచనాలు నేను అడగను. అర లీటరు సెలైన్‌ను నాలుగు గంటల్లో ఎక్కించాలి, సెట్టు మిల్లీలీటరుకు ఇరవై చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు పెడతావని అడుగుతాను. 500ను 20తో గుణించి 240తో భాగిస్తే దాదాపు 42 వస్తుంది. కాగితం అడిగి, లెక్క వేసి, రెండోసారి సరిచూసుకున్న అమ్మాయికి జవాబు ఆలస్యమైనా నేను మార్కులు తగ్గించను. పొటాషియం క్లోరైడ్‌ను నేరుగా సిరంజితో నరంలోకి ఇమ్మని ఎవరైనా చెబితే ఏం చేస్తావని అడుగుతాను. ఇవ్వనని చెప్పాలి, ఎందుకివ్వవో, ఎవరికి తెలియజేస్తావో కూడా చెప్పాలి. వాడిన సూది ఏ డబ్బాలో వేయాలి, ఖాళీ గాజు సీసా ఎందులో, ఐ.వి. సెట్టు ఎందులో అన్నవి తెలుపు, నీలం, ఎరుపు అని తడుముకోకుండా రావాలి. తెలియని దాన్ని తెలియదని చెప్పి, "సీనియర్ సిస్టర్‌ని అడిగి చేస్తాను" అన్నవారిని నేను ఎప్పుడూ వెనక్కి పంపలేదు; తెలిసినట్టు నటించేవారి చేతికి మందుల ట్రే ఇవ్వాలంటే నాకు భయం.

తిరుపతిలో ఉద్యోగం చేయాలనుకునేవారు కాస్త తమిళం, కాస్త హిందీ పట్టుకోవడం మంచిది. కొండ మెట్ల మీద గుండెనొప్పి వచ్చి క్యాజువాలిటీకి వచ్చే యాత్రికుడు ఏ రాష్ట్రంవాడో ముందుగా చెప్పలేం. బ్రహ్మోత్సవాల రోజుల్లో సెలవు అడగకూడదన్నది కూడా ఇక్కడ పనిచేస్తే మీకే తెలిసే సంగతి.

మొదటి ఏడాది ఏ విభాగం

కొత్తవారందరూ ఐ.సి.యు. కావాలంటారు. పక్కన నిలబడి నేర్పే సీనియర్ కనీసం రెండు మూడు నెలలు ఉంటారంటే చేరండి. లేదంటే, జనరల్ మెడిసిన్ వార్డులో ఆరు నెలలు చేసి తరువాత వెళ్ళడం మేలని నా అనుభవం. పది మంది రోగుల్లో ఎవరి పరిస్థితి క్షీణించబోతోందో కళ్ళతో పసిగట్టడం అక్కడే వస్తుంది. మొదటే డయాలసిస్‌కో ఆపరేషన్ థియేటరుకో వెళ్ళి అక్కడే ఉండిపోతే, పని బాగా వస్తుంది గానీ దారి ఇరుకవుతుంది.

చేరేముందు హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తి చేసుకుని, రక్షణ వచ్చిందో లేదో రక్తపరీక్షతో చూసుకోండి. డ్యూటీలో సూది గుచ్చుకుంటే వేలిని పిండకుండా సబ్బు, నీళ్ళతో కడిగి, వెంటనే ఇన్‌చార్జికి చెప్పి రాతపూర్వకంగా నమోదు చేయించండి. హెచ్.ఐ.వి. నివారణ మందు అవసరమైతే రెండు గంటల్లో మొదలుపెట్టడం ఉత్తమం, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. తిడతారేమోనని దాచిపెట్టిన అమ్మాయిలు ఉన్నారు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

విదేశాలు, పైచదువులు

విదేశాలకు వెళ్ళాలనుకునేవారు ఏజెంటు కన్నా ముందు భాషను వెతుక్కోవాలి. జర్మనీకి జర్మన్ భాష బి2 స్థాయి దాకా రావాలి, బ్రిటన్‌కు ఓ.ఇ.టి. లేదా ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అనే ఇంగ్లీషు పరీక్ష, అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్సు పరీక్ష పాసై ఉండాలి. గల్ఫ్ ఆసుపత్రులు సాధారణంగా రెండేళ్ళ ఆసుపత్రి అనుభవం అడుగుతాయి, మధ్యలో ఖాళీ ఉంటే కారణం చెప్పమంటాయి. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు; లైసెన్సు ఉన్నవారు కూడా చట్టప్రకారం 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి వసూలు చేయరాదు. లక్షల్లో అడిగేవారితో మాట్లాడటమే అనవసరం. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ద్వారా వచ్చే అవకాశాలను ముందు చూడండి.

ఎం.ఎస్సీ. నర్సింగ్‌కు బి.ఎస్సీ. తరువాత ఏడాది అనుభవం ఎలాగూ కావాలి. పాఠాలు చెప్పాలన్న ఇష్టం ఉన్నవారే అటు వెళ్ళడం మంచిది. ఉద్యోగం దొరకలేదని వెళ్ళినవారు రెండేళ్ళ తరువాత అదే ప్రశ్నతో తిరిగి వస్తున్నారు. జి.ఎన్.ఎం. వారికి మాత్రం రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నిజంగా తలుపులు తెరుస్తుంది.

మానేసేటప్పుడు

మంచి అవకాశం వచ్చిందని రాత్రికి రాత్రి డ్యూటీకి రావడం మానేస్తే, అక్కడ గడిపిన కాలం మొత్తం గాలికి పోతుంది. ఒప్పందంలో ఉన్న నోటీసు గడువు ఇచ్చి, రాజీనామా కాపీ మీద స్వీకరించినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. చివరి రోజున రిలీవింగ్ లెటరుతోపాటు అనుభవ పత్రం కూడా అడిగి తీసుకోండి. దానిపై ఆసుపత్రి పడకల సంఖ్య, మీరు పనిచేసిన విభాగాలు, చేరిన తేదీ, మానేసిన తేదీ, మీ కౌన్సిల్ నంబరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే మీ పేరు ఉన్నాయో లేదో ఆఫీసు బల్ల దగ్గరే నిలబడి చదివి చూసుకోండి. ఆరు నెలల తరువాత వెళ్తే అప్పటి నర్సింగ్ సూపరింటెండెంట్ అక్కడ ఉండకపోవచ్చు, కొత్తవారికి మీరెవరో తెలియకపోవచ్చు.